బిల్డర్ గారి సొంతిల్లు

"అయితే మీకు సొంతిల్లు లేదన్నమాట!" అన్నారు సోమయాజులు గారు, కాపీ కొట్టేవాణ్ణి పరీక్ష హాల్లో పట్టుకున్నంత సంబరంగా.

సీతాఫల్‌మండి నుంచి వచ్చిన బిల్డర్ పరశురాం తల గోక్కున్నాడు. "కిరాయికి ఉంటున్న సార్. పిల్లల సదువులు అయినంక కట్టుకుందమని ఆగిన. నేను కట్టినయి అంబర్‌పేట్‌ల ఉన్నయి. ఒక్కసారి వచ్చి చూడుండ్రి. ఆ ఇంటోళ్ళనే అడుగుండ్రి."

"అక్కర్లేదు. తనకే ఇల్లు కట్టుకోలేనివాడు నాకేం కడతాడు? వెళ్ళిరండి."

పరశురాం దణ్ణం పెట్టి బండెక్కాడు. వేదవతి గారు వంటింట్లోంచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"ఇతన్నీ ఫెయిల్ చేశారా? ఇలా అయితే మన ఇల్లు లేచినట్టే!"

సోమయాజులు గారు యూనివర్సిటీలో తర్కశాస్త్రం చెబుతారు. ఏడాది తిరిగేసరికి రిటైరవుతారు. క్యాంపస్ క్వార్టరు ఖాళీ చెయ్యాలి. రామంతాపూర్‌లో కొన్న స్థలంలో పిచ్చిమొక్కలు మనిషెత్తు పెరిగాయి. వేదవతి గారు కాపరానికొచ్చింది మొదలు ఈ క్వార్టర్లలోనే ఉన్నారు. వానొస్తే చాలు, ఇంట్లో ఉన్న బకెట్లూ గిన్నెలూ అన్నీ కారేచోట పెట్టి, అవి నిండినప్పుడల్లా లేచి పారబోయడమే ఆవిడ పని. "ఒక్క వానాకాలమైనా కంటినిండా నిద్రపోతానో లేదో" అని ఆవిడ అన్నప్పుడల్లా సోమయాజులు గారి మనసు చివుక్కుమంటుంది. భార్యకు ఇన్నేళ్ళలో తాను చేసిపెట్టింది ఏమీ లేదని ఆయన బెంగ. అందుకే బిల్డర్ విషయంలో అంత పట్టుదల.

"పోనీ, అతను కట్టిన ఇళ్ళు ఓసారి చూసొస్తే మన సొమ్మేం పోయింది?" అన్నారు వేదవతి గారు.

"పిచ్చిదానా, పరాయివాళ్ళ ఇంట్లో సిమెంటు తగ్గించడానికి ఎవడూ వెనకాడడు. తన పెళ్ళాం బిడ్డలు పడుకునే ఇంట్లో మాత్రం ఎంత కక్కుర్తి మనిషైనా ఇసక పాళ్ళు ఎక్కువ వెయ్యడు. కాబట్టి బిల్డర్ సొంతిల్లే చూడాలి. పొగను చూసి నిప్పుందని చెప్పడం ఎంతో, ఇదీ అంతే!"

"ఆ ఇళ్ళలో ఉన్నవాళ్ళని అడగొచ్చుగా?"

"కారుతోందని చెబితే రేపు అమ్ముకునేటప్పుడు ధర పడిపోదూ? అందుకని దాస్తారు."

"మీతో వాదించి గెలిచిందెవరు లెండి!" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

తరవాత ఫోన్ చేసిన బిల్డర్ పేరు భూపాల్. సోమయాజులు గారు పలకరింపుకంటే ముందు తన ప్రశ్న వేసేశారు.

"సొంతిల్లే సార్, తార్నాకల. అమ్మను గూడ తోల్కొని రాండ్రి. చాయ్ తాగి పోదురు."

ఆదివారం దంపతులిద్దరూ ఆటోలో బయల్దేరారు. తార్నాక చేరేసరికి కుండపోతగా వాన. తడిసి ముద్దయినా సోమయాజులు గారికి మహదానందంగా ఉంది. పరీక్షకు ఇంతకంటే మంచి రోజు దొరకదు!

లోపలికి అడుగుపెట్టింది మొదలు వేదవతి గారి చూపు పైకప్పు మీదే. చుక్క పడితే ఒట్టు! సోమయాజులు గారు పుచ్చకాయను వాయించినట్టు గోడలన్నీ వాయించారు. గచ్చు మీద పెన్ను పెట్టి దొర్లుతుందేమో చూశారు. బాత్రూం తలుపు నాలుగైదుసార్లు తీసి వేశారు. మంచం కింద కూడా దూరారు. మొహమాటం ఆయన వంశంలోనే లేదు.

"ఇది మీ ఇల్లేగా?"

"మాదే సార్. కావాల్నంటే కాయిదాలు తెస్త."

"వద్దు. ఎక్కడా చిన్న బీట కూడా లేదు. శభాష్!"

"గట్ల కాదు సార్, ఈ ఇల్లు..." అని భూపాల్ ఏదో చెప్పబోయాడు.

"మీరేం చెప్పక్కర్లేదు. ఇల్లే చెబుతోంది" అని సోమయాజులు గారు చెయ్యి అడ్డంపెట్టారు. అగ్రిమెంటు తెప్పించి సంతకం చేసి, అడ్వాన్స్ చెక్కు చేతిలో పెట్టారు. పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెప్పకూడదనుకున్నాడో ఏమో, భూపాల్ కూడా సంతకం పెట్టి, చెక్కు జేబులో వేసుకున్నాడు.

వేదవతి గారికి కళ్ళు చెమర్చాయి. "మీ తర్కం ఇన్నాళ్ళకి ఒక్కదానికైనా పనికొచ్చిందండీ" అన్నారు మెల్లిగా. పెళ్ళయ్యాక ఆవిడ నోట వచ్చిన మొదటి మెప్పు అది. సోమయాజులు గారి ఛాతీ రెండంగుళాలు పొంగింది.

భూపాల్ భార్య స్నేహలత చాయ్ కప్పులు పట్టుకొచ్చింది. వేదవతి గారు ఆప్యాయంగా ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"అదృష్టవంతురాలివమ్మా! మీ ఆయన దగ్గరుండి ఎంత గట్టిగా కట్టారో ఇల్లు!"

స్నేహలత ట్రే కింద పెట్టి, భర్త వంక చూసి నవ్వింది. "అయ్యో ఆంటీ, ఈయన చెయ్యి పడనిస్తనా? ఇండ్ల పండుకునేది నా పిల్లలాయె! నెల రోజులు కొట్లాడి వేరే బిల్డర్‌తోని కట్టిపిచ్చిన."