గోడ దాటే వైఫై

"గోడ దాటుద్దా?" అని అడిగింది అంకమ్మ.

అవనిగడ్డ సెంటర్లో సెల్ షాపు నడిపే రాజకుమార్ అప్పటికే వైఫై రౌటర్లన్నీ బల్ల మీద పరిచేశాడు. కొమ్ములున్నవి, కొమ్ముల్లేనివి. స్పీడు గురించి చెప్పాడు. అంకమ్మ వినలేదు. గ్యారంటీ గురించి చెప్పాడు. అదీ వినలేదు.

"గోడ సంగతి చెప్పు తమ్ముడూ. మాది మామూలు గోడ కాదు."

నిజమే. హంసలదీవి పక్క పల్లెలో అంకమ్మ ఇంటికీ, ఆమె తోడికోడలు నాగమల్లేశ్వరి ఇంటికీ మధ్య ఉన్న గోడ అది. వీళ్ళ మొగుళ్ళు తాతారావు, దుర్గారావు అన్నదమ్ములు. ఒకే పడవ మీద వేటకెళ్తారు. పెళ్ళాలిద్దరూ తట్టలు సర్దుకుని ఒకే ఆటోలో మార్కెట్టుకు వచ్చేవాళ్ళు. ఒకరోజు బేరం అక్క వైపు పోతోందన్న ఉక్రోషంలో నాగమల్లేశ్వరి నోరు జారింది. "ఆవిడ దగ్గరున్నవి నిన్నటి చేపలండీ" అనేసింది, మార్కెట్టంతా వింటుండగా. చేపలమ్ముకునే మనిషికి అంతకన్నా పెద్ద తిట్టు లేదు. తల్లిని తిట్టినా సర్దుకుపోవచ్చు.

అప్పట్నుంచీ మాటల్లేవు. ఎవరి ఆటో వాళ్ళది. పడవ ఒడ్డుకు రాగానే చేపల పంపకం దగ్గర రోజూ రభస. అన్నదమ్ములకు విసుగెత్తింది. వేసవిలో వేట నిషేధం రాగానే పడవ అమ్మేసి ఎవరి దారి వాళ్ళు చూసుకుందామనుకున్నారు. ఆ మాట విన్న రోజు అంకమ్మకు అన్నం సయించలేదు. పడవ పోతే రెండు కొంపలూ మునిగినట్టే. పైగా, ఎవరితోనూ అనదు గానీ, పక్కన నాగమల్లేశ్వరి లేకపోతే ఆటోలో ఆమెకు బొత్తిగా తోచడం లేదు.

అలాగని ముందు తను పలకరించడమా? ఆ పల్లెలో ముందు పలకరించినవాళ్ళు తప్పు ఒప్పుకున్నట్టే లెక్క. తప్పేమో తనది కాదాయె.

"దాటుద్దక్కా. నాలుగిళ్ళ అవతలికి కూడా పేరు కనపడుద్ది" అన్నాడు రాజకుమార్. "టీవీకి ఎక్కువ, ఫోన్లకి తక్కువ పెట్టుకోవచ్చు. పిల్లలకి టైం పెట్టొచ్చు. చుట్టాలొస్తే వాళ్ళకి ఇందులోంచే ఇంకో పేరుతో వేరేగా ఇయ్యొచ్చు. పేర్లూ పాస్‌వర్డులూ మీ ఇష్టం, ఎన్నిసార్లయినా మార్చుకోండి."

"అదంతా నాకు నేర్పు. మా ఇంట్లో ఇంకెవరికీ చెప్పమాక."

నేర్చుకునేదాకా ఆమె స్టూలు దిగలేదు. రాజకుమార్ మధ్యాహ్నం భోజనం సాయంత్రం చేశాడు.

ఇంటర్నెట్ వాళ్ళ చేత వైరు లాగించింది అంకమ్మ. టీవీ, మొగుడి ఫోను, కూతురు రేవతి ఫోను, అన్నీ తనే కలిపింది. మనవరాలు రీల్స్ చూస్తుంటే టీవీ ఆగిపోతోందని అత్తగారు పోలమ్మ గోల పెడితే టీవీకే పెద్దపీట వేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పోలమ్మ కోడల్ని మెచ్చుకోవడం అదే మొదలు. ఆఖర్న వైఫైకి పేరు పెట్టింది. 'పక్కింటోళ్ళు ముట్టుకోవద్దు'.

ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నా తెలుగే కదా, వీధి వీధంతా ఫోన్లలో చదువుకుంది. మర్నాటికల్లా ఆ పేరు కింద ఇంకో పేరు వెలిసింది. 'నీ వైఫై నువ్వే తాగు'.

"తమ్ముడు కూడా పెట్టించాడేంటే? నాతో అన్లేదు" అన్నాడు తాతారావు.

"నీకు చెప్పి పెట్టించాలా?" అంది అంకమ్మ.

ఇక చూడండి. ఇటు పేరు 'ముందు నీ నోరు కడుక్కో' అని మారితే, అటు పేరు 'అంకమ్మ పులుసులో ఉప్పెక్కువ' అని మారింది. అంకమ్మ వీధిలోకొచ్చి, ఫోను ఎత్తి పట్టుకుని, దాన్ని అందరికీ చదివి వినిపించి మరీ శాపనార్థాలు పెట్టింది. గోడవతల తలుపు ఓరగా తెరుచుకుని మళ్ళీ మూసుకుంది. పల్లెలో సీరియళ్ళు చూసే నాథుడు లేడు. రొయ్యలు ఒలుస్తూ కూడా అందరూ వైఫై పేర్లే చూసుకున్నారు.

అలా వేట నిషేధం దగ్గరపడింది. ఎవరో నిజాంపట్నం ఆసామి వచ్చి పడవ చుట్టూ తిరిగి, చెక్క తట్టి చూసి వెళ్ళాడు. ఆ సాయంత్రమే రెండో పేరు మారింది. 'అక్కా తప్పు నాదే కూర పంపు'.

వీధి గుప్పుమంది. "చిన్నదే తగ్గిందమ్మా!" అని పోలమ్మ ఇల్లిల్లూ తిరిగి చాటింది. అంకమ్మ మాత్రం మొహం గంటు పెట్టుకుంది. "అంతలా అడిగాక ఇయ్యకపోతే ఏం బాగుంటది?" అంటూ పండుగప్ప పులుసు గిన్నె పట్టుకుని, నలుగురూ చూస్తుండగా గోడ చుట్టూ తిరిగి వెళ్ళింది. బింకంగానే నడిచింది గానీ గడప ముందు ఆగింది. ఆ తలుపు మొహాన వేసేస్తే ఇక పడవా ఉండదు, పరువూ ఉండదు.

నాగమల్లేశ్వరి తలుపు తీసింది. గిన్నె వంక చూసింది. వీధి వంక చూసింది.

"అవునక్కా, తప్పు నాదే. అవి నిన్నటి చేపలు కావు" అంది, వీధి చివరిదాకా వినపడేలా.

ఇద్దరూ కావలించుకుని బావురుమన్నారు. అన్నదమ్ములు అక్కడికక్కడే నిజాంపట్నానికి ఫోను చేసి బేరం వద్దన్నారు.

లోపల కంచం ముందు కూర్చున్నాక నాగమల్లేశ్వరి గొంతు బాగా తగ్గించింది.

"మా ఇంట్లో వైఫైయే లేదని మీ మరిది బయట వాగకుండా ఆపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది, ఇంకోసారి నా తరఫున నిన్ను నువ్వు తిట్టుకునేటప్పుడు నాకూ ఓ మాట చెప్పక్కా."