తోడల్లుడి కారు

కొండదారిలో మా తోడల్లుడి కారు నన్ను దాటిపోవడం ఇది మూడోసారి. మా రెండు కార్లూ ఒకే మోడల్, ఒకే ఏడాది కొన్నవి. యాక్సిలరేటర్ ఇంకా గట్టిగా తొక్కాను.

"పోనివ్వండి, వాళ్లకేం తొందరో," అంది పక్కనున్న మా ఆవిడ.

మర్నాడే మెకానిక్ దగ్గరికెళ్లాను. "మా తోడల్లుడు ఇంజిన్ కంప్యూటర్ మార్పించాడు కదూ? అంతకంటే పవరున్నది నాకు వెయ్యి."

మెకానిక్ తల గోక్కున్నాడు. "ఆయన కారు నేను ముట్టుకోలేదు సార్. కంప్యూటర్లో సెట్టింగ్ మార్చింది మీ కారుకే. పోయిన నెల మేడమ్ తెచ్చి పవర్ తగ్గించమన్నారు. చెల్లెలి మొగుడి కారు కనబడితే మీకు ఒళ్లు తెలీదట. 'నాకు మనిషి కావాలి బాబూ' అన్నారు."

తాళాలు తీసుకుని లేచాను.

"నాది అలాగే ఉండనీ. ఆయన కారొస్తే దానికీ ఇదే చెయ్యి. మా మరదలికి మాత్రం మొగుడు అక్కర్లేదా?"