ఫోన్‌లో వచ్చిన గొంతు

ఊరి రేడియోలో రోజుకో అతిథిని మాట్లాడించే హైమావతికి ఆ వారమంతా అనుమానమే. అచ్చం మనిషిలాగే మాట్లాడే యంత్రాలు అందరి ఫోన్లలోకీ వచ్చేశాయి. సోమవారం ఫోన్‌లో మాట్లాడిన మంత్రసాని ఒక్కసారైనా తడబడలేదు. మంగళవారం తేనె పట్టే ఆయన ఒక్కసారి దగ్గనైనా లేదు. బుధవారం పడవ నడిపే గురువులు అనే ఆయన, వరదలో పోయిన కూతురి గురించి తొణక్కుండా చెబుతుంటే ఇక ఆగలేకపోయింది.

“ఇది యంత్రం, నమ్మకండి!” అని అందరూ వింటుండగానే లైన్ కట్ చేసేసింది.

మర్నాడు గురువులే రేడియో స్టేషన్‌కు వచ్చాడు. మెడ మీద ఆపరేషన్ కుట్లు. గాలి కలిసిన గుసగుసతో అన్నాడు.

“గొంతు పోనాదమ్మా. మాటాడింది యంత్రవే. పిల్ల మాత్రం నాదే.”

హైమావతి తల దించుకుంది.

“తప్పు నాది మావా. నిన్న ఆపేసిన కాడ్నించి సెప్పు,” అంటూ మైకును అతని పెదాల దగ్గరకు జరిపింది.