తొందరగా అయిపోయే ఆట

"కూరగాయలకని చెప్పి ఇక్కడికొచ్చేదా? ఇన్నేళ్లూ నాకు అబద్ధాలు చెప్పిందా?"

షిగెమాసా మాజాంగ్ అనే బిళ్ళలాట ఆడే క్లబ్బు గుమ్మంలోనే నిలబడి అరిచాడు. అతని భార్య పోయి నెల తిరగలేదు. ఆమె కూర్చునే మెత్త తీసుకెళ్లమని క్లబ్బు నడిపే రిత్సు కబురు పెడితే గానీ అతనికి ఈ సంగతి తెలియలేదు.

"కూర్చోండి. ఆవిడ ఏం ఆడేదో చూపిస్తాను," అంది రిత్సు.

బల్ల మీద బిళ్ళలు పేర్చింది. అన్నీ రెండు నుంచి ఎనిమిది వరకు అంకెలే.

"ఒకట్లు, తొమ్మిదులు, అక్షరాల బిళ్ళలు ఏవొచ్చినా పారేయాలి. దీన్ని తన్యావ్ అంటాం. కొత్తవాళ్లకు ముందు నేర్పేది ఇదే. పాయింట్లు తక్కువే కానీ, ఆట తొందరగా అయిపోతుంది."

"ఇన్నేళ్లు ఆడి నేర్చుకుంది ఈ చిన్నపిల్లల ఆటా? దాని బుర్రెప్పుడూ అంతే."

షిగెమాసా చేత్తో ఒక్క తోపు తోశాడు. బిళ్ళలు నేల మీద చెల్లాచెదురయ్యాయి.

రిత్సు ముఖం ఎర్రబడింది.

"మా అందరిలోకీ గట్టి ఆట ఆవిడదే. పెద్ద పాయింట్లొచ్చే జట్లు చేతికొచ్చినా విరగ్గొట్టేసి ఇదే కట్టేది. ఎందుకమ్మా అని ఒకసారి అడిగాను. 'ఐదింటికి ఆయన ఇంటికొచ్చేస్తారక్కా. అప్పటికి భోజనం సిద్ధంగా లేకపోతే గిన్నెలు నా మీదికి విసురుతారు' అంది."

షిగెమాసా బిళ్ళలు ఏరడానికి కిందికి వంగాడు.

"వాటిని ముట్టుకోకండి," అంది రిత్సు.