రెండో డోసు

"ఇంకొక్క పెట్టె పోయిందో, పెట్టెతోపాటు నీ ఉద్యోగమూ పోతుంది," అన్నాడు మేనేజరు.

మందుల గోడౌన్ హెడ్ గార్డుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇంత మాట పడటం ఇదే మొదలు. దొంగ అడుగుజాడలైనా దొరుకుతాయేమోనని విసవిసా వెనక గోడ దగ్గరికి నడిచాడు. దొరికింది తుప్పుపట్టిన మేకు. అదీ బూటులోంచి సరాసరి పాదంలోకి.

బావమరిది స్కూటరు మీద క్లినిక్కుకు తీసుకెళ్లాడు. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. చేసే పనంటూ లేదు కాబట్టి ఏ పనికి పిలిచినా దొరుకుతాడు.

డాక్టరమ్మ ముందు వాణ్ణే పలకరించింది. "ఏమయ్యా, తుమ్ములు తగ్గాయా?"

"తగ్గాయండీ. ఇప్పుడు దుమ్ములో పొర్లినా ఏం కాదు."

ఆమె సూది తియ్యగానే హెడ్ గార్డు కుర్చీలో వెనక్కి జరిగాడు. "కాల్లో ఒకటి దిగింది చాలదా అమ్మా? చేతిలో ఇంకోటి ఎందుకు?"

"ధనుర్వాతం రాకుండా. ఇందులో ఉన్నది ఆ జబ్బు తెచ్చే విషమే, కాకపోతే కోరలు పీకేసిన విషం. మీ ఒంట్లోనూ గార్డులుంటారు. చంకల్లో, మెడలో, గజ్జల్లో వాళ్ల చెక్‌పోస్టులుంటాయి. లింఫు గ్రంథులంటాం. ఈ కోరల్లేని దొంగను అక్కడికి తీసుకెళ్లి చూపిస్తారు. వాణ్ణి చూసి పని నేర్చుకున్నవాళ్లు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు. రేపు అసలు దొంగ వస్తే గుమ్మంలోనే పట్టేస్తారు."

"అంటే డమ్మీ దొంగన్నమాట!"

"అంతే. నెల తర్వాత రెండో డోసుకు రండి. ఇంకోసారి చూపిస్తే గట్టిగా గుర్తుంటుంది."

సూది ఎప్పుడు దిగిందో హెడ్ గార్డుకు తెలియనేలేదు. కాపలా గురించి ఇంత తెలివైన మాట అతనికి ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. స్కూటరు మీద వెనక్కి వస్తూ ఆలోచించాడు. దొంగ కావాలి. కోరలుండకూడదు. మనవాడై ఉండాలి. ఎదురుగా బావమరిది వీపు కనపడింది.

మర్నాడు భోజనాల వేళ బావమరిది వెనక గోడ దూకాడు. గార్డులు నలుగురూ అన్నాలు వదిలేసి పరిగెత్తారు. వాణ్ణి పట్టుకుని, వీపు విమానం మోత మోగించి, ఈడ్చుకొచ్చి హెడ్ గార్డు కాళ్ల దగ్గర పడేశారు.

"ఆపండ్రా! వీడు మా బావమరిది. ఇది డ్రిల్లు!" అన్నాడు హెడ్ గార్డు, సంతోషం పట్టలేక.

ఇంట్లో అక్క వీపుకు కాపడం పెడుతుంటే బావమరిది మూలుగుతూ అన్నాడు. "బావా, ఒక్కసారితో ఏం వంటబడుతుంది? రోజూ చెయ్యాలి. మొదట ఖాళీ అట్టపెట్టె. తర్వాత ఒక నిండు పెట్టె. ఆ తర్వాత రెండు. కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి."

"రోజూ తన్నులు తింటావా?"

"నీ ఉద్యోగం కంటేనా బావా!"

హెడ్ గార్డు కళ్లు చెమ్మగిల్లాయి. వీణ్ణి ఇన్నాళ్లూ పనికిమాలినవాడనుకున్నందుకు సిగ్గేసింది.

మొదటి వారం గార్డులు రోజూ వెంటపడ్డారు. రెండో వారం కూర్చున్నచోటి నుంచే ఈల వేశారు. తీసుకెళ్లిన పెట్టెల్ని బావమరిది సాయంత్రానికల్లా సీలు చెదరకుండా తెచ్చి అప్పగించేవాడు. మూడో వారానికి, "డ్రిల్లు బావగారు వచ్చారు, జరగండ్రా," అనడం మొదలైంది. హెడ్ గార్డు అది విని మురిసిపోయి డ్రిల్లు పుస్తకంలో రాసుకున్నాడు: దూరం నుంచే గుర్తుపడుతున్నారు. భేష్.

ఇరవై ఎనిమిదో రోజున బావమరిది వ్యానుతో వచ్చాడు. చల్లగదిలోని ఇన్సులిన్ పెట్టెలన్నీ బయటికొచ్చాయి. ఇద్దరు గార్డులు మోశారు. ఒకడు తలుపు పట్టుకున్నాడు. ఇంకొకడు గేటు దగ్గర నిలబడి, "రానీ, రానీ, ఇంకొంచెం రానీ," అంటూ వ్యాను తిప్పించి సెల్యూట్ కొట్టాడు.

సాయంత్రమైంది. పెట్టెలు తిరిగి రాలేదు. బావమరిదీ రాలేదు. ఫోను స్విచాఫ్.

మర్నాడు పొద్దున మేనేజరు మాట నిలబెట్టుకున్నాడు. హెడ్ గార్డు టోపీ, బెల్టు బల్ల మీద పెట్టి, తిన్నగా క్లినిక్కుకు వెళ్లాడు. రెండో డోసు తేదీ ఆ రోజే.

"నాకొద్దమ్మా మీ టీకా!" కుర్చీలో కూలబడుతూ అన్నాడు. "మీరు చెప్పినట్టే చేస్తే నా కొంప మునిగింది." జరిగిందంతా ఏకరువు పెట్టాడు.

డాక్టరమ్మ సూది పట్టుకునే విన్నది. "డమ్మీ దొంగను ఎన్నిసార్లు చూపించారు?"

"రోజూ అమ్మా. నెల రోజులు. కొంచెం కొంచెం పెంచుకుంటూ."

ఆమె సూది ట్రేలో పెట్టేసింది.

"అది టీకా కాదండీ, ఎలర్జీ వైద్యం. కొందరి ఒంట్లో గార్డులు దుమ్ము కణం కనపడినా పెద్ద దొంగ వచ్చినట్టు రభస చేస్తారు. అలాంటివాళ్లకు ఆ దుమ్మునే రోజుకింత పెంచుకుంటూ రుచి చూపిస్తాం. పోనుపోను అలవాటుపడి, ఎదురుగా వచ్చినా లేవరు."

"ఈ ముక్క మొదట్లోనే చెప్పొద్దా అమ్మా?" భోరుమన్నాడు హెడ్ గార్డు.

"చెప్పానండీ. ఆర్నెల్ల కిందట, తుమ్ములకు మందిస్తూ, మీ బావమరిదికి."