వడ్డన వరస

మామూలు కుక్కల్ని ఇప్పుడెవరూ పెంచడం లేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఇంటికో తోడేలుకుక్క ఉంది. మాది నా భార్య హైమవతిని తప్ప అందరినీ గౌరవించేది. ఆమె కంచం పట్టుకుంటే చాలు, గుర్రుమనేది. చివరికి చెయ్యి కరిచింది.

శిక్షణ ఇచ్చేవాణ్ణి పిలిపించాం. అతను మా భోజనాలు చూశాడు.

"మేడం ఎప్పుడు తింటారు సార్?"

"అందరం తిన్నాక. దానికీ పెట్టాక."

"గుంపులో ఆఖర్న తినేదాన్ని తోడేళ్లు లెక్కచెయ్యవు సార్. రేపట్నుంచి మేడం ముందు తినాలి. తర్వాతే మీరు."

"మా ఇంట్లో ఆ అలవాటు లేదండీ."

"కుట్లు పడ్డాయిగా సార్. అలవాటు చేసుకోండి."

నిన్న ఆకలికి ఆగలేక, హైమవతికంటే ముందు అప్పడం అందుకోబోయాను. తోడేలుకుక్క నన్ను చూసి గుర్రుమంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"త్వరగా కానివ్వవే."

"ఉండండి. ఇంకా పెరుగన్నం ఉంది," అంది హైమవతి.