రెండు నిమిషాల కచేరీ

ప్రముఖులు మరణించిన దినాలలో రేడియోలో వినిపించవలసిన వేణువును ఇరవై ఏడేళ్లుగా ఒకే విద్వాంసుడు వాయిస్తూ వచ్చాడు. ప్రముఖులు క్షేమంగా ఉన్న దినాలలో ఆయన పది నుండి ఐదు వరకు మూడో నంబరు గదిలో సిద్ధంగా ఉండవలెను. ఇంట్లో సాధన చేద్దామంటే, "ఎవరు పోయారండీ?" అంటూ పక్కింటివారు పరుగెత్తుకొచ్చేవారు.

పదవీ విరమణ మరునాడనగా, పదకొండో దరఖాస్తు మీద, ఆయనకు ఒక కచేరీ మంజూరైంది.

"ఈ ఒక్కసారైనా నలుగురి మొహాలూ విప్పారేది వాయించండి," అంది భార్య.

ఆయన మోహన రాగం ఎత్తుకున్నాడు. మొదటి స్వరానికే సభ యావత్తూ లేచి తల వంచింది. రెండు నిమిషాలు మౌనం పాటించి, క్రమశిక్షణతో నిష్క్రమించింది. "గుండె దిటవు చేసుకోండి," అని డైరెక్టరుగారు ఆయన భుజం తట్టి వెళ్లారు.

మూడో వరుసలో ఒక ముసలమ్మ మాత్రం కూర్చునే ఉంది. ఒక్క రసికురాలైనా మిగిలిందని విద్వాంసుడు వేదిక దిగివచ్చి నమస్కరించాడు.

"మా ఆయన నలభై ఏళ్లు బస్సు నడిపాడు నాయనా. పోయిన రోజున రేడియో పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నా. నువ్వు వాయించలేదు," అందామె. "ఇప్పుడు వాయిస్తావా? ఎప్పుడూ వాయించేదే."

ఇన్నేళ్లలో ఆజ్ఞాపించినవారే తప్ప, ఆయనను అడిగినవారు లేరు.

వేణు విద్వాంసుడు కూర్చునే వాయించాలన్నది సంప్రదాయం. ఆయన నిలబడి, తల వంచి, వేణువు పెదవులకు ఆనించాడు.